ఒంటికి సరిపడే బట్ట



పొద్దున తొడుక్కున్న చొక్కా ఒంటి మీద ఉన్న సంగతి కాసేపటికి మనకి గుర్తే ఉండదు. స్పర్శని పట్టే నరాలు మొదట ఓసారి కబురు చెప్పి ఊరుకుంటాయి. మెదడు కూడా ఇక దాన్ని పట్టించుకోదు. కొందరికి మాత్రం ఆ మరుపు దొరకదు. జాకెట్టు చంక దగ్గర కుట్టు రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది. మెడ వెనక లేబుల్ గీరుతూనే ఉంటుంది. దుప్పటి కాలివేళ్లకి తగిలితే నిద్ర పట్టదు. ఫ్యాను గాలికి పమిట కదిలి పక్కటెముకల మీద ఆడితే చాలు, ఒళ్లు భగ్గుమంటుంది. చూద్దామంటే చర్మం మీద ఏమీ ఉండదు. అసలు చిక్కంతా అక్కడే. కనపడని నొప్పిని ఇంట్లోవాళ్లు నమ్మరు. "బట్ట తగిలితే నొప్పేమిటి, విడ్డూరం కాకపోతే!" అనేస్తారు. ఆ మాట విన్న మనిషి ఇక చెప్పడం మానేసి, పంటి బిగువున భరిస్తూ తిరుగుతుంది.

నేను చాలా ఏళ్లుగా కుట్టుపని నేర్పుతున్నదాన్ని. డాక్టర్ని కాను. మందుల సంగతి వాళ్లకే వదిలి, బట్ట, కుట్టు, ఉతుకు, ఈ మూడింటి గురించి చెబుతాను. డాక్టర్లు తేల్చి చెప్పిన విషయాలు అవసరమైనచోట కలుపుతాను.

ఇలాంటి బాధ ఉందని చెబితే ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే ఉంటుంది. మెత్తటి నూలుబట్ట వదులుగా వేసుకోమంటారు. చెమటకాయలకి, ఒరిపిడికి అది మంచి సలహానే. కానీ నరం దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఆ వదులే శత్రువు. ఎందుకో చెప్పాలంటే సర్పితో మొదలుపెట్టాలి.

సర్పిని డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్సే వెన్నెముక పక్కనుండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. వయసు మీద పడో, మరో జబ్బు వల్లో ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ఒక నరం వెంబడి బయటికొస్తుంది. అందుకే సాధారణంగా ఒంటికి ఒకపక్కనే, పట్టీలాగా పొక్కులు లేస్తాయి. కొన్ని వారాల్లో అవి మాడిపోతాయి. చుట్టాలు వచ్చి చూసి, తగ్గిపోయిందిగా అని వెళ్తారు. కొందరికి, ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి, నొప్పి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. నరం దెబ్బతినడంతో వెన్నుపాములోని కణాలు అతిగా ఉలికిపడే స్థితికి వస్తాయి. మామూలు స్పర్శ కబురు వచ్చినా దాన్ని నొప్పి కింద లెక్కవేస్తాయి. ఈ స్థితిని వైద్యంలో అల్లోడీనియా అంటారు. సర్పి ఎక్కువగా లేచేది ఛాతీ చుట్టూ, వీపు మీద. అంటే జాకెట్టు, బ్రా, బనియను, పమిట, అన్నీ వచ్చి పడేది సరిగ్గా అక్కడే.

ఈ నొప్పిలో ఒక విచిత్రం ఉంది. చాలామందికి తేలికగా రాసుకునే స్పర్శే భరించరానిది. అదే చోట అరచేతిని ఆనించి కదపకుండా ఉంచితే ఓర్చుకోగలరు, కొందరికి హాయిగా కూడా ఉంటుంది. డాక్టర్లు దూదితో మెల్లగా రాసి చూసేది ఈ తేడా పట్టుకోవడానికే. ఇంట్లో కూడా చూసుకోవచ్చు. ముందు బాగున్న పక్కన, తరవాత నొప్పి ఉన్న పక్కన, ఓసారి దూదితో రాసి, ఓసారి అరచెయ్యి ఆనించి చూడండి. రాస్తే బాధ, ఆనిస్తే నయం అనిపిస్తే ఆ మనిషికి గాలికి ఊగే వదులు బట్ట పనికిరాదు. ఒంటిని అంటిపెట్టుకుని, ఒంటితో పాటే కదిలే లోపలి పొర ఒకటి కావాలి. దానిమీద ఏది వేసుకున్నా, ఆ రాపిడి రెండు బట్టల మధ్య జరుగుతుంది, చర్మం దాకా రాదు. ఆనించినా బాధే అనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి పూర్తిగా వేరే దారి, బట్ట ఆ చోట అసలు తగలకుండా చూడాలి.

మా పెద్దమ్మకి ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా సర్పి వచ్చింది. పొక్కులు మానాక కూడా జాకెట్టు తొడుక్కోలేక, దుప్పటి కప్పుకుని గదిలోనే కూర్చునేది. బయటి మనుషులొస్తే లోపలికి వెళ్లిపోయేది. పెదనాన్న కట్టి కట్టి మెత్తబడిన పంచె ఒకటి తీసి, దాంతో చేతుల్లేని లోజాకెట్టు కుట్టాం. బిగించకుండా, ఒంటికి ఆనేలా కొలత తీశాం. కుట్లన్నీ బయటివైపుకి తిప్పేశాం. తెరిచేది కుడిపక్కన, అంటే బాగున్న వైపు. హుక్కులు లేవు, అదే గుడ్డతో చేసిన నాలుగు ముళ్లు. ఎడమపక్కన పక్కకుట్టే లేకుండా ముందు భాగం, వెనక భాగం ఒకే ముక్కగా కత్తిరించాం. తల మీదుగా తొడుక్కునే పని కూడా లేదు, చెయ్యెత్తితే నొప్పి కాబట్టి. దానిమీద పాత వాయిల్ చీర కట్టుకుని ఆవిడ వసారాలోకొచ్చి కూర్చుంది. నొప్పి పోలేదు. దానికి మందులు వాడాల్సే వచ్చింది. కానీ మనుషుల్లోకి రాగలిగింది.

ఇక్కడ ఒక్కమాట. సర్పి లేచిన 72 గంటల్లోపు వైరస్ మందులు మొదలుపెడితే మేలని డాక్టర్లు చెబుతారు. పొక్కులు కనబడగానే పసరు పూతలు వేసుకుంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి. 50 ఏళ్లు దాటినవాళ్లకి టీకా కూడా ఉంది, మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే. మీకు అవసరమా కాదా అన్నది మీ డాక్టరుని అడగండి.

చక్కెర జబ్బు సంగతి వేరు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుంది. వాళ్లలో చాలామందికి కాళ్ల నరాలు దెబ్బతిని, రాత్రిళ్లు అరికాళ్లు మండుతాయి, దుప్పటి బరువు కూడా ఓర్చుకోలేరు. దీనికి కొనాల్సిందేమీ లేదు. మంచం చివర కాళ్లవైపు ఒక గట్టి అట్టపెట్టెని రెండుపక్కలా తెరిచి పెట్టి, దానిమీదుగా దుప్పటి వెయ్యండి. కాళ్లు లోపల వెచ్చగా ఉంటాయి, బట్ట తగలదు. సాక్సు వేసుకుంటే పైన బిగించే ఎలాస్టిక్ లేనిది, వేళ్ల దగ్గర కుట్టు ఉబ్బెత్తుగా లేనిది చూసుకోవాలి. ఈ కాళ్లకే కొన్నిచోట్ల మంట, కొన్నిచోట్ల మొద్దుబారడం రెండూ ఉండొచ్చు కాబట్టి, నొప్పి లేకపోయినా కుట్టు ఒరిసి పుండు పడే ప్రమాదముంది. రోజూ పడుకునే ముందు కాళ్లు చూసుకోవాలి.

ఇక బట్ట సంగతి. దుకాణంలో మెత్తదనం అరచేత్తో చూస్తాం. అరచేతి చర్మం మందం. మెడ వెనకో, మోచేతి మడతలోనో, మణికట్టు లోపలివైపో రాసి చూడాలి. అక్కడ గుచ్చుకున్నది ఒంటి మీద కూడా గుచ్చుకుంటుంది.

ఎందుకు గుచ్చుకుంటుందన్నది ఉన్ని మీద పరిశోధన చేసినవాళ్లు బాగా తేల్చారు. బట్ట పైకి పొడుచుకొచ్చిన పీచు కొసలు సన్నగా ఉంటే చర్మానికి తగలగానే వంగిపోతాయి. మందంగా ఉంటే వంగకుండా పొడుస్తాయి. ఉన్ని పీచు 30 మైక్రాన్లు దాటితే పొడుస్తుంది. అలాంటి కొసలు నూటికి అయిదు ఉన్నా చాలు, ఆ స్వెట్టరు దురద పెడుతుంది. సన్నటి మెరీనో ఉన్ని 20 మైక్రాన్ల లోపే ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న పసిపిల్లలకి ఆ సన్న ఉన్ని వేసి చూస్తే, నూలు వేసినప్పటికన్నా నయంగానే ఉందట. అంటే ఉన్ని మొత్తాన్నీ తిట్టక్కర్లేదు, ముతక ఉన్నిని తిట్టాలి. ఇక పట్టు. పీచు సన్నం, నునుపు. అందుకే ఎగ్జిమా పిల్లలకి ప్రత్యేకమైన పట్టు లోదుస్తులని ఎక్కువ ఖరీదుకి అమ్ముతారు. ఇంగ్లండులో 300 మంది పిల్లల మీద ఆరు నెలలు పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మామూలు వైద్యానికి తోడు ఆ పట్టు బట్టలు వేసినందువల్ల జబ్బు అదనంగా తగ్గిందేమీ లేదు. హాయిగా ఉందనిపిస్తే వేసుకోవచ్చు. జబ్బు నయం చేస్తుందని అప్పుచేసి కొనొద్దు.

మన దగ్గర నూలుకి కొదవ లేదు. కానీ నూలంతా ఒకటి కాదు. దుకాణంలో 40 కౌంటు, 80 కౌంటు, 100 కౌంటు అంటారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే కౌంటు. 100 కౌంటు అంటే ఒక పౌను పత్తి నుంచి 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్ల దారం తీశారన్నమాట. అంత సన్నగా వడకాలంటే పొడుగు పీచు ఉన్న పత్తి కావాలి, పొట్టి పీచుల్ని ఏరేయాలి. పొట్టి పీచు తక్కువైతే దారం మీద నూగు తగ్గుతుంది, చర్మానికి తగిలే కొసలు తగ్గుతాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లు గింజ మీది పీచుని దువ్వి, చెత్తని, పొట్టి పీచుని వేరుచేస్తాయి. ఆ సన్న ఖద్దరు ఒంటి మీద ఎంత తేలికగా ఉంటుందో కట్టినవాళ్లకి తెలుసు. అందరికీ అందే ధర కాదు. అది దొరక్కపోతే బాధపడాల్సిన పని లేదు. మల్‌మల్, వాయిల్, జాకెట్లకి టూ బై టూ రూబియా, ఏ ఊరి బజారులోనైనా దొరుకుతాయి.

వెదురు బట్ట అని ఈమధ్య అమ్ముతున్నారు. చాలావరకు అది వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోసే, అంటే ఒకరకం రేయాన్. మెత్తగా, చల్లగా ఉంటుంది, చాలామందికి పడుతుంది కూడా. అందులో ఔషధగుణాలున్నాయని చెప్పే మాటలకి మాత్రం డబ్బు పెట్టొద్దు. పాలిస్టరు నునుపైనదే కానీ చెమట పీల్చుకోదు. రోహిణి కార్తెలో పాలిస్టరు జాకెట్టు వేసుకుని బస్సులో నిలబడ్డ మనిషికి చెమటకాయలు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

అన్నిటికన్నా మంచి బట్ట ఇప్పటికే మీ ఇంట్లో ఉంది. పుట్టిన బిడ్డని మన ఇళ్లలో కొత్తబట్టలో చుట్టరు. అమ్మమ్మ పాత నూలుచీర చింపి పక్కబట్టలు, పొత్తిగుడ్డలు చేస్తారు. పెద్దవాళ్లు ఏ కారణం చెప్పినా, పని మాత్రం సరైనది. నేతలో పెట్టిన గంజి, రంగులో మిగిలిన మడ్డి, మిల్లులో అద్దిన రసాయనాలు, అన్నీ ఏళ్ల ఉతుకులో పోయి ఉంటాయి. నొప్పిచర్మం ఉన్న పెద్దవాళ్లకి కూడా అదే గుడ్డ పనికొస్తుంది. అందుకే కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరల్ని స్టీలు గిన్నెలకి వేసెయ్యకండి.

మరి కొత్తబట్ట? పండక్కి కొత్తబట్టలు నీళ్లలో పెట్టకుండా, అంచుకి పసుపు రాసి కట్టుకోవడం మన అలవాటు. కానీ ముడత పడని చొక్కాలు, ఇస్త్రీ అక్కర్లేని ప్యాంట్లు అని అమ్మేవాటికి చాలావరకు ఫార్మాల్డిహైడ్ ఉండే జిగురు పూత వేస్తారు. పడనివాళ్లకి దానివల్ల దద్దుర్లు, దురద వస్తాయి. జపాను 1970లలోనే దీనికి హద్దు పెట్టింది. రెండేళ్లలోపు పిల్లల బట్టల్లో అసలు కనబడకూడదు, పెద్దవాళ్ల లోదుస్తుల్లో పది లక్షల వంతుల్లో 75 వంతులు దాటకూడదు. కొత్తబట్టలో ఊరికే అంటుకుని ఉన్న ఫార్మాల్డిహైడ్ నీళ్లకి చాలావరకు పోతుంది. కాబట్టి సున్నితమైన చర్మం ఉన్నవాళ్ల బట్టలు పండక్కి రెండు వారాల ముందే కొని, రెండు మూడుసార్లు ఉతికి ఆరేసి, పండగనాడు అంచుకి పసుపు రాయండి. ఉతికిన బట్ట అయినంత మాత్రాన పండగకి వచ్చిన లోటేమీ లేదు.

రంగుల్లో ఎక్కువమందికి తంటా తెచ్చేవి డిస్పర్స్ రంగులు. పాలిస్టరు, ఎసిటేట్ గుడ్డలకి ఇవే వేస్తారు. డిస్పర్స్ బ్లూ 106, 124 అనే రెండు నీలిరంగులు ఈ విషయంలో పేరుమోసినవి. ముదురు నీలం, నలుపు గుడ్డల్లో, లైనింగుల్లో ఉంటాయి. పీచుతో గట్టి బంధం లేదు కాబట్టి చెమటకి, రాపిడికి చర్మం మీదికి వస్తాయి. పైన నూలు, లోపల చవకబారు పాలిస్టరు లైనింగు వేసిన చుడీదారు కొని, నూలే కదా, నాకు నూలు కూడా పడటం లేదు అని ఏడ్చిన అమ్మాయిలున్నారు. లోపలికి తిప్పి చూసుకోవాలి. ఒక గుర్తు చెబుతాను. చంకలో దద్దు లేచినప్పుడు, సెంట్లూ డియోడరెంట్లూ పడకపోతే చంక గుంటలోనే వస్తుంది. బట్ట రంగు పడకపోతే గుంటని వదిలేసి, చుట్టూ అంచుల్లో, బట్ట ఒరుసుకునేచోట వస్తుంది. అనుమానం ఉంటే చర్మవైద్యులు ప్యాచ్ టెస్టు చేస్తారు. చిన్నచిన్న పట్టీలతో పదార్థాలని వీపు మీద అంటించి, రెండు రోజులకి తీసి చూసి, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు మీకు పడని బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించి పట్టుకెళ్లండి. ఆ ముక్క వంద మాటలు చెబుతుంది.

లోహం సంగతి కూడా చూసుకోండి. జీన్సు గుండీ, జాకెట్టు హుక్కు, పిన్నీసు, వీటిలో నికెల్ ఉండి, అది మీకు పడకపోతే బొడ్డు కింద, రొమ్ముల మధ్య, భుజం మీద సరిగ్గా ఆ కొలతకే నల్లగా, దురదగా మచ్చ పడుతుంది. గుడ్డ చుట్టిన గుండీ వేయిస్తే తీరిపోయే సమస్య.

లంగా బొందు దగ్గర కాస్త ఆగాలి. ఏళ్ల తరబడి ఒకేచోట సన్నటి బొందు బిగించి కట్టడంతో నడుం చుట్టూ చర్మం నల్లబడి, గట్టిపడి, పొలుసులు లేచిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. అదేదో సహజమన్నట్టు ఊరుకుంటారు. అరుదుగానే అయినా, ఆ ఒరిపిడి చోట మానని పుండు పడి క్యాన్సరుగా మారిన సందర్భాలున్నాయి. 2024లో మహారాష్ట్ర, బీహారు వైద్యులు అలాంటి ఇద్దరు పెద్దావిడల సంగతి ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. భయపడమని చెప్పడం లేదు. బొందు తీసేసి, మెత్తటి నూలుగుడ్డతో మూడు నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ వేయించండి. బరువు ఒక గీత మీద పడకుండా పరుచుకుంటుంది. ఒకరోజు కాస్త పైన, ఒకరోజు కాస్త కింద కట్టుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు వదులు చెయ్యండి. నడుం మీద మానని పుండు ఉంటే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

పిల్లల విషయానికొస్తే నాకు మనసు ఆగదు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి, ఆ పేరేదీ లేని కొందరు పిల్లలకి కూడా, స్పర్శ మామూలుకన్నా చాలా ఎక్కువగా తెలుస్తుంది. పొద్దున్నే స్కూలు బస్సు టైముకి ఆ ఇళ్లలో ఒక యుద్ధం జరుగుతుంది. టెర్రికాటన్ చొక్కా, గంజి పెట్టినట్టు నిలబడే కాలరు, టై, బెల్టు, వేళ్ల దగ్గర కుట్టు ఉబ్బిన సాక్సు. పిల్లవాడు సాక్సు పీకేస్తాడు, మళ్లీ తొడుగుతారు, మళ్లీ పీకేస్తాడు. నాలుగు తగిలిస్తారు. మొండివాడని పేరు పెడతారు. ఆ సాక్సుని తిరగేసి తొడిగి చూడండి. కుట్టు బయటికి పోతుంది. చాలాసార్లు గొడవ అక్కడితో ఆగుతుంది. చొక్కా లోపల కుట్లు బయటికి తిప్పిన, ఒంటికి బాగా పట్టే మెత్తటి బనియను వేస్తే, టెర్రికాటను చర్మానికి తగలదు, ఆ పట్టి ఉంచడమే కొందరు పిల్లలకి స్థిమితం ఇస్తుంది. లేబుల్ని కత్తెరతో కత్తిరిస్తే మిగిలిన మొదలు ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. కుట్టు విప్పి మొత్తం తీసెయ్యాలి.

స్కూలువాళ్లతో మాట్లాడటానికి తల్లిదండ్రులు జంకుతారు. జంకక్కర్లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చెయ్యాల్సిన బాధ్యతని విద్యాసంస్థల మీద పెట్టింది. అదే రంగు చొక్కా నూలుగుడ్డలో కుట్టిస్తాం, టై మినహాయించండి అని రాతపూర్వకంగా అడగండి. ఉపాధ్యాయులు వింటుంటే వాళ్లకీ నా మనవి ఇదే. టై లేని పిల్లవాడు లెక్కలు చేసుకుంటాడు. టై ఉన్న పిల్లవాడు ఆ పీరియడంతా మెడనే తలుచుకుంటూ కూర్చుంటాడు.

మనకి ఇంకా మిగిలి ఉన్న అదృష్టం ఏమిటంటే వీధికో టైలరు. రెడీమేడు తప్ప దిక్కులేని దేశాల్లో ఇలాంటి బట్టలు ప్రత్యేకంగా వెతుక్కుని, ఎక్కువ ధర పెట్టి తెప్పించుకుంటారు. మనం సందు చివరికి వెళ్లి చెప్పొచ్చు. కానీ ఏం చెప్పాలో తెలియాలి. మన జాకెట్లలో అన్నిటికన్నా ఒరిపిడి పెట్టేది పక్కకుట్టు. ఒళ్లు వస్తే విప్పుకోవడానికని టైలరు లోపల ఒకటిన్నర, రెండంగుళాల గుడ్డ వదిలి, దానిమీద మూడు వరసల కుట్లు వేస్తాడు. చంక దగ్గరికొచ్చేసరికి చెయ్యి కుట్టు, పక్కకుట్టు, లైనింగు, మడత, అన్నీ కలిసి అక్కడో గట్టి ముద్ద తయారవుతుంది. చెయ్యి కదిపిన ప్రతిసారీ ఆ ముద్ద ఒరుస్తుంది. మార్జిన్ వదలొద్దని, ఓవర్‌లాక్ చెయ్యొద్దని, అంచు మడిచి చదునుగా అణిచి కుట్టమని చెప్పండి. నూలుదారం వాడమనండి. కొన్ని రెడీమేడు బట్టల అంచుల్లో కనిపించే గాజులాంటి నైలాను దారం కొస సూదిలా పొడుస్తుంది. మెడకి కాన్వాసు వెయ్యొద్దనండి. జరీ అంచు చేతులకి వేయించుకోవాలని ఉంటే, లోపల మల్‌మల్ పట్టీ వేసి జరీ వెనకభాగం కప్పెయ్యమనండి. చీరకి కుట్టే ఫాల్ ముందుగా తడిపి, మెత్తబడ్డాక కుట్టమనండి, మడమల దగ్గర గీరదు. ఇవన్నీ చెబితే టైలరు ముందు విసుక్కోవచ్చు. కుట్లు బయటికి తిప్పమంటే తన పనితనానికి నామోషీ అనుకుంటాడు. కారణం చెప్పండి. ఒక పాత జాకెట్టు తిరగేసి, నొప్పి పెట్టేచోట పెన్సిలుతో గుండ్రంగా గీసి చూపించండి. నా అనుభవంలో గీత చూశాక కాదన్న టైలరు లేడు.

ఉతుకు దగ్గర జాగ్రత్త ఏమిటంటే, సబ్బు తక్కువ, నీళ్లు ఎక్కువ. బోరు నీళ్లలో కఠినత్వం ఎక్కువ ఉన్న ఊళ్లలో సబ్బు బట్టలోనే మడ్డిగా మిగిలిపోతుంది. జాడించేది ఒకసారి ఎక్కువ జాడించండి. వాషింగ్ మెషీను అయితే ఇంకో రిన్స్ పెట్టండి. మెత్తదనానికని పోసే సువాసన ద్రావణం కూడా బట్టలో మిగిలేదే. ఎగ్జిమా ఉన్నవాళ్లకి వద్దు. గంజి, నీలిమందు సంగతి చెప్పక్కర్లేదు. ఎండలో ఆరిన నూలుబట్ట అట్టలా బిరుసెక్కడం చూస్తుంటాం. పీచుల మధ్య మిగిలే సన్నటి నీటిపొర వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచుతుందని జపాన్ పరిశోధకులు 2020లో చెప్పారు. కాబట్టి ఆరేసేముందు గట్టిగా దులిపి, నీడలో గాలికి ఆరేసి, తీసేటప్పుడు మళ్లీ దులిపి, రెండు చేతులతో నలిపితే ఆ అతుకులు విడిపోయి మెత్తబడుతుంది.

చివరగా పెళ్లిళ్ల సంగతి. నొప్పిచర్మం ఉన్న ఆడవాళ్లకి అన్నిటికన్నా కష్టమైన చోటు అది. పట్టుచీర, జరీ జాకెట్టు, నడుముకి వడ్డాణం, ఆపై ఎండాకాలం ముహూర్తం. చాలామంది వెళ్లడమే మానేస్తారు. వెళ్లాలనుంటే దారులున్నాయి. లోపల కాళ్లదాకా మల్‌మల్ లంగా, దానికి వెడల్పు పట్టీ, జాకెట్టు లోపల ముందు చెప్పిన లోజాకెట్టు, పిన్నీసుల బదులు లోపలివైపు ప్రెస్ బటన్లు. తాళి కట్టే వేళకి పట్టుచీర, అక్షింతలు పడగానే నూలుచీర మార్చుకోవడం. అదీ కుదరకపోతే మొదటినుంచీ నూలుచీరే. మీ ఇంటి పెళ్లికి ఎవరైనా పాత వాయిల్ చీరలో వస్తే, ఆవిణ్ణి ఫ్యానుకి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోబెట్టండి. పమిట ఊగదు. చీర గురించి అడగొద్దు. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చోండి.